అలల కింద ఉమ్మడి కుటుంబం

సంస్కృతంలో ‘తిమి’ అంటే మహామత్స్యం. ఆ తిమిని సైతం మింగగలిగినది తిమింగిలం. దానిని కూడా మింగివేసే ప్రాణి ఒకటి ఉండి ఉండాలని తలచి, మన పూర్వులు ‘తిమింగిలగిలం’ అనే మరొక మాటను కూడా కల్పించారు. పెద్ద చేప చిన్న చేపను మింగడమే మాత్స్యన్యాయం. బలవంతుడు బలహీనుని కబళించే రాజ్యస్థితికి కూడా మన రాజనీతి గ్రంథాలు ఈ మాటనే వాడాయి. అయితే ఈ న్యాయానికి ఒక రెండవ పార్శ్వం కలదని ఆధునిక రసాయన శాస్త్రం తెలియజేస్తున్నది. చిన్న చేపను మింగిన పెద్ద చేప, చిన్న చేప ఒంటిలోని విషాన్ని కూడా మింగుతుంది. వరుసలో చివర నిలిచిన మహాప్రాణికి చేరేది అందరి విషమూ కూడిన మొత్తం. వాషింగ్టన్ రాష్ట్రపు తీరజలాలలో తిరుగాడే ఓర్కాల చరిత్రకు ఈ సూత్రమే కీలకం.

రెడ్‌మండ్ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సముద్రతీరం కారులో గంట లోపు ప్రయాణం. తిమింగిలాన్ని బొమ్మల పుస్తకంలో మాత్రమే చూచి పెరిగిన మనకు, దానిని ఒడ్డున నిలబడి కంటితో చూడగల భాగ్యం ఇక్కడ లభించింది. ఆ ప్రాణికీ, మన వీధిలో కురిసే వానకూ ఉన్న సంబంధాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఓర్కా అంటే ఏమిటి?

ఓర్కాను ఆంగ్లంలో ‘కిల్లర్ వేల్’ అని కూడా వ్యవహరిస్తారు. నిజానికిది డాల్ఫిన్ కుటుంబానికి చెందినది, ఆ కుటుంబంలోకెల్లా పెద్దది. తిమింగిలాలన్నిటి వలెనే ఇది కూడా క్షీరదం. ఊపిరితిత్తులతో శ్వాసిస్తుంది, పిల్లను కని పాలిచ్చి పెంచుతుంది. నల్లని దేహం, తెల్లని ఉదరం, కంటి వెనుక తెల్లని మచ్చ దీని ఆనవాళ్ళు. వయసు వచ్చిన మగ ఓర్కా వీపున నిలువుగా లేచే రెక్క ఆరడుగుల ఎత్తుకు చేరగలదు. ఆ రెక్క వెనుక జీను పరచినట్లు బూడిద రంగు మచ్చ ఒకటి ఉంటుంది. మన వేలిముద్రల వలె ఆ మచ్చ ఆకారమూ, రెక్కపై గాట్లూ ఏ రెండింటికీ ఒకే తీరున ఉండవు. 1970వ దశకంలో కెనడా శాస్త్రజ్ఞుడు మైకేల్ బిగ్ ఈ సంగతిని గుర్తించి, ఛాయాచిత్రాల ఆధారంగా ఒక్కొక్క ఓర్కాకు ఒక్కొక్క సంఖ్య నిర్ణయించారు. 1976 నుండి కెన్ బాల్కంబ్ అదే పద్ధతిని ఈ ప్రాంతంలో అనుసరించి, 2022లో కన్నుమూసేవరకు గణన కొనసాగించారు. ఆయన స్థాపించిన ‘సెంటర్ ఫర్ వేల్ రిసెర్చ్’ ఆ పనిని నేటికీ నిర్వహిస్తున్నది.

ఈ జలాలలో ప్రధానంగా రెండు రకాల ఓర్కాలు కనిపిస్తాయి. మొదటివి జె, కె, ఎల్ అనే మూడు మందలుగా ఉన్న ‘సదరన్ రెసిడెంట్’ ఓర్కాలు. వీటి ఆహారం చేపలు, అందునా ముఖ్యంగా చినూక్ సాల్మన్. రెండవవి మైకేల్ బిగ్ పేరుతోనే పిలువబడే ‘బిగ్స్’ ఓర్కాలు. ఇవి సీల్ వంటి సముద్ర క్షీరదాలను వేటాడుతాయి. ఈ రెండు తెగలూ ఒకే నీటిలో తిరుగుతూ కూడా ఒకదానితో ఒకటి సంబంధం కలుపుకోవు; ఒకదాని ఆహారాన్ని మరొకటి ముట్టదు. అవి రెండూ వేర్వేరు జాతులేనని 2024లో కొందరు శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు కూడా.

చూచి తెలుసుకొనవలసినవి

ఒడ్డు నుండి చూచేవారికి మొదట కనిపించేది నిశ్వాసం. నీటిపైకి వచ్చిన ఓర్కా ఒక్కసారిగా ఊపిరి వదిలినప్పుడు తెల్లని ఆవిరిస్తంభం లేస్తుంది, వెనువెంటనే ఆ శబ్దం వినిపిస్తుంది. తరువాత వీపురెక్క కనిపిస్తుంది. దేహమంతా గాలిలోకి లేచి పక్కకు ఒరిగి పడడం అందరూ చూడగోరే దృశ్యం. తల మాత్రమే నిలువుగా పైకెత్తి చుట్టూ పరికించడం, తోకతో గాని పక్కరెక్కతో గాని నీటిని చరచడం మరికొన్ని చేష్టలు. మంద మొత్తం పక్కపక్కన వరుసగా చేరి, మెల్లగా ఈదుతూ, ఒకేసారి ఊపిరి తీసికొంటూ సాగితే అవి విశ్రమిస్తున్నాయని గ్రహించాలి. అప్పుడు వాటి మెదడులో ఒక అర్ధభాగం నిద్రిస్తుంది, మరొక అర్ధభాగం మేలుకొని ఉంటుంది. శ్వాసక్రియ ఇచ్ఛాధీనం కావడం వలన పూర్తిగా నిద్రపోతే వాటికి ప్రాణాపాయం.

కొంతకాలం విడిపోయిన మందలు తిరిగి కలిసినప్పుడు ఎదురెదురుగా రెండు వరుసలు తీరి, క్షణకాలం నిశ్చలంగా నిలిచి, ఆపైన ఒకదానిలో ఒకటి కలిసిపోవడం ఎందరో పరిశీలకులు చూచారు. మన పెళ్ళిళ్ళలో వియ్యాలవారి ఎదురుకోలు చూచినవారికి ఈ దృశ్యం కొత్తగా తోచదు. 1987 వేసవిలో కె మందలోని ఒక ఆడ ఓర్కా చచ్చిన సాల్మన్ చేపను నెత్తిన పెట్టుకొని తిరగడం మొదలుపెట్టగా, కొద్ది వారాలలో తక్కిన మందలకు కూడా ఆ వేడుక పాకి, కొంతకాలానికి తనంతట తానే సమసిపోయింది. 2025లో ప్రచురితమైన మరొక పరిశోధన ఇంతకంటె ఆశ్చర్యకరం. ఈ ఓర్కాలు కెల్ప్ అనే సముద్రపు నాచు కాడను తుంచి, ఆ ముక్కను తమ దేహానికీ తోటి ఓర్కా దేహానికీ మధ్య ఉంచి దొర్లిస్తూ, పరస్పరం ఒళ్ళు రుద్దుకొంటున్నాయని ఆకాశం నుండి తీసిన చిత్రాలలో తేలింది.

అమ్మమ్మ పెత్తనం

సదరన్ రెసిడెంట్ ఓర్కాల సంఘం మాతృస్వామికం. కూతురే కాదు, కొడుకు కూడా జీవితాంతం తల్లిని విడిచిపోడు. ఇతర మందల ఆడ ఓర్కాలతో జతకట్టినా తిరిగి అమ్మ పక్కకే చేరుకొంటాడు. కనుక ఒక తల్లి, ఆమె బిడ్డలు, ఆమె కూతుళ్ళ బిడ్డలు కలిసి ఒక కుటుంబం. అటువంటి కుటుంబాలు కొన్ని చేరి ఒక మంద.

ఆడ ఓర్కా దాదాపు నలభై ఏళ్ళ వయసులో సంతానోత్పత్తి మాని, ఆపైన మరి కొన్ని దశాబ్దాలు జీవించగలదు. జంతు ప్రపంచంలో ఇది అత్యంత అరుదు. మనుషులను మినహాయిస్తే, ఇటువంటి దీర్ఘమైన అనుత్పాదక జీవితం కొన్ని దంతపు తిమింగిలాలలో మాత్రమే స్పష్టంగా నిరూపితమైంది. ప్రకృతి ఈ అవ్వలను ఎందుకు నిలిపి ఉంచినట్లు? 2015లో ప్రచురితమైన పరిశోధన దీనికొక సమాధానం చెప్పింది. మంద ప్రయాణించేటప్పుడు ముందు నడిచేది తరచుగా సంతానకాలం గడచిన పెద్ద ఆడ ఓర్కాయే. సాల్మన్ కరువు తీవ్రమైన సంవత్సరాలలో ఆమె నాయకత్వం మరింత ప్రస్ఫుటమవుతుంది. ఏ రుతువులో, ఏ పోటు వేళ, ఏ మలుపున చేప దొరుకుతుందో ఆమె అనుభవానికి తెలుసు. అమ్మమ్మ ఉన్న ఇంటిలో పిల్లలు బతికే అవకాశం హెచ్చని 2019లో మరొక పరిశోధన వెల్లడించింది. 2012 నాటి అధ్యయనం ప్రకారం ముప్పై ఏళ్ళు దాటిన మగ ఓర్కాకు తల్లి మరణించిన మరుసటి ఏడాదిలో మృత్యుభయం దాదాపు పద్నాలుగు రెట్లు పెరుగుతుంది. తల్లి తాను పట్టిన చేపను పెరిగిన కొడుకుకు కూడా పంచిపెడుతుందన్న విషయాన్ని గుర్తుంచుకొంటే ఇందులోని మర్మం బోధపడుతుంది.

ఈ కుటుంబాలకు మాండలికాలు కూడా ఉన్నవి. వేటకు అవి ‘క్లిక్’ మనే సూక్ష్మధ్వనులు వెలువరించి, వాటి ప్రతిధ్వనిని బట్టి చీకటి నీటిలో చేపను గుర్తిస్తాయి. తమలో తాము పలుకరించుకొనే పిలుపులు వేరు. ఆ పిలుపుల సరళి మంద మందకూ మారుతుంది. పిల్ల దానిని తల్లి వద్ద నేర్చుకొంటుంది. ఈ విద్య ఒక ప్రాణాన్ని నిలిపింది. 2002 జనవరిలో సియాటిల్ సమీపాన ఒక అనాథ ఓర్కా పిల్ల ఒంటరిగా కనిపించింది. దాని పిలుపులను విని, అది కెనడా ఉత్తర తీరపు ‘నార్తర్న్ రెసిడెంట్’ కుటుంబానికి చెందినదని నిపుణులు నిర్ణయించారు. ఆ సంవత్సరం జులైలో దానిని స్వజలాలకు చేర్చగా బంధువులు కలుపుకొన్నారు. స్ప్రింగర్ అనే పేరు గల ఆ పిల్ల 2013 నాటికి తానే తల్లి అయింది. పరాయి దేశంలో మాతృభాషను బిడ్డల నోట నిలుపుకోవాలని తపించే మనకు ఈ వృత్తాంతం ప్రత్యేకించి హృద్యం.

వలలు పన్నిన కాలం

ఈ నేలకు ఆదివాసులైన లుమ్మీ ప్రజలు ఓర్కాలను ‘అలల కింది మా బంధువులు’ అని భావిస్తారు. ఇతరులు మాత్రం 1960వ దశకంలో వాటిని వినోదశాలల సరుకుగా చూడనారంభించారు. 1970 ఆగస్టు 8న విడ్బీ ద్వీపం వద్ద పెన్ కోవ్ అనే అఖాతంలోకి ఎనభైకి పైగా ఓర్కాలను పడవలతో తరిమి, తల్లుల నుండి పిల్లలను వేరుచేసి ఏడింటిని పట్టుకొన్నారు. వలలలో చిక్కి అయిదు మునిగి మరణించాయి. నాడు పట్టుబడిన టోకిటే అనే ఓర్కా మయామీలోని ఒక చిన్న కొలనులో ‘లోలిటా’ అనే పేరుతో అర్ధ శతాబ్దం పైన గడిపి, స్వగృహానికి పంపే సన్నాహాలు సాగుతుండగానే 2023 ఆగస్టు 18న మరణించింది. ఆమె చితాభస్మాన్ని లుమ్మీ ప్రజలు ఈ జలాలలోనే నిమజ్జనం చేశారు.

1976 తరువాత వాషింగ్టన్ జలాలలో ఈ వేట నిలిచింది. అప్పటికి ఒక తరం పిల్లలు పోగా మిగిలినవి డెబ్బై చిల్లర. 1995 నాటికి 98కి పెరిగిన సంఖ్య తిరిగి పడిపోవడంతో 2005లో అమెరికా ప్రభుత్వం వీటిని అంతరించే ప్రమాదమున్న ప్రాణులుగా ప్రకటించింది. 2024 జులై గణనలో లెక్క తేలినవి 73 మాత్రమే. రక్షణ లభించి ఏళ్ళు గడచినా సంఖ్య ఎందుకు పెరగలేదు?

2018 జులై 24న జె35 సంఖ్య గల తాహ్లెక్వా అనే తల్లి ఒక ఆడపిల్లను కన్నది. అర గంటకే ఆ పిల్ల మరణించింది. తల్లి ఆ కళేబరాన్ని ముక్కుపై మోస్తూ, జారిపోయినప్పుడల్లా లోతుకు మునిగి పైకి తెస్తూ, 17 రోజులు, దాదాపు 1600 కిలోమీటర్లు ఈదింది. 2024 డిసెంబరులో పుట్టిన మరొక ఆడపిల్ల కూడా కొద్ది రోజులకే పోగా, 2025 నూతన సంవత్సర దినాన ఆమె మళ్ళీ అదే విధంగా బిడ్డను మోస్తూ కనిపించింది.

మూడు ముప్పులు

శాస్త్రజ్ఞులు ప్రధానంగా మూడు కారణాలు చెబుతున్నారు: ఆహారలోపం, పడవల రొద, విషరసాయనాలు. ఎదిగిన ఓర్కాకు దినానికి ఇంచుమించు ఇరవై పెద్ద సాల్మన్ చేపలు కావాలి. ప్యూజెట్ సౌండ్ చినూక్ చేపలు 1999 నుండి తామే రక్షిత ప్రాణుల జాబితాలో ఉన్నవి. నదులపై ఆనకట్టలు, ఒడ్డున నరికిన చెట్లు, వేడెక్కిన నీరు వాటి గుడ్ల తావులను కబళించాయి. దొరికే కొద్దిపాటి చేపనైనా ప్రతిధ్వని ద్వారానే వెదకాలి గదా. పడవల యంత్రాల మోత ఆ ప్రతిధ్వనిని మరుగుపరుస్తుంది.

ఆకలి బాధ ఎక్కువా, పడవల బాధ ఎక్కువా అన్న ప్రశ్నకు యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు చమత్కారమైన మార్గం కనిపెట్టారు. టక్కర్ అనే నల్లని కుక్కకు నీటిపై తేలే ఓర్కా మలాన్ని వాసన పట్టడం నేర్పి, పడవ ముందు నిలిపి, నమూనాలు సేకరించారు. ఏ ఒత్తిడి వలననైనా దేహంలో కార్టిసాల్ వంటి హార్మోన్లు పెరుగుతాయి. థైరాయిడ్ హార్మోన్ మాత్రం తిండి చాలనప్పుడే తగ్గుతుంది. రెండింటినీ కలిపి కొలిస్తే ఆకలిని తక్కిన ఒత్తిడి నుండి వేరుచేయవచ్చు. చేప దొరికే తీరును అనుసరించి హార్మోన్లు మారడం చూచి, ఆకలిదే పెద్ద పాత్ర అని వారు నిర్ణయించారు. 2008–2014 మధ్య సేకరించిన నమూనాలలో గర్భసూచక హార్మోన్లను కూడా కొలిచి, వీటి గర్భాలలో నూటికి 69 వరకు నిలవడం లేదని 2017లో ప్రకటించారు. పదిహేడు, పద్దెనిమిది నెలలు మోసే గర్భం అది.

ఇక విషాల సంగతి. పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్, సంక్షిప్తంగా పి.సి.బి.లు, రెండు బెంజీన్ వలయాలు కలిసిన అణువుకు క్లోరిన్ పరమాణువులను తగిలించగా వచ్చినవి. క్లోరిన్ సంఖ్యను, స్థానాన్ని బట్టి 209 రూపాలు సాధ్యం. ఇవి నిప్పంటుకోవు, ఆమ్లాలకు లొంగవు, విద్యుత్తును ప్రవహింపనీయవు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్లలో విరివిగా నింపారు. 1979లో అమెరికా వీటి ఉత్పత్తిని నిషేధించింది. కాని ఏ స్థిరత్వాన్ని చూచి రసాయనశాస్త్రం మెచ్చుకొన్నదో, ఆ స్థిరత్వమే నేడు శాపమైంది. అవి నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. నీటి నుండి ప్లవకాలకు, వాటి నుండి చిరుచేపకు, ఆ చేప నుండి సాల్మన్‌కు, సాల్మన్ నుండి ఓర్కాకు చేరుతూ మెట్టుమెట్టుకూ సాంద్రమవుతాయి. లోకంలోని అత్యంత కలుషితమైన సముద్ర క్షీరదాలలో ఈ ప్రాంతపు ఓర్కాలు చేరుతాయని 2000లోనే పరిశోధకులు నిరూపించారు. మగ ఓర్కా ఈ భారాన్ని జీవితాంతం మోస్తుంది. ఆడ ఓర్కా దించుకొనే ప్రధాన మార్గం కొవ్వు దండిగా ఉండే తన పాలు. అందుచేత తొలిచూలు బిడ్డకు అమృతంతో పాటు హాలాహలమూ అందుతుంది.

మూడు ముప్పులూ ఒకదానికొకటి తోడు. రొద వలన చేప దొరకదు. చేప దొరకక ఓర్కా చిక్కినప్పుడు నిలువ ఉన్న కొవ్వు కరుగుతుంది. అంతవరకు కొవ్వులో అణగి ఉన్న విషం అప్పుడు రక్తంలోకి వస్తుంది.

టైరు నుండి వాగుకు

సియాటిల్ ప్రాంతపు వాగులలో ఒక విచిత్రం చాలాకాలం శాస్త్రజ్ఞులను వేధించింది. శరత్కాలపు తొలి వానలకు గుడ్లు పెట్టేందుకు ఎదురీదుతూ వచ్చిన కోహో సాల్మన్లు, వాన కురిసిన కొన్ని గంటలకే నోరు తెరచి గింగిరాలు తిరుగుతూ, కడుపులోని గుడ్లతోనే మరణించేవి. కొన్ని పట్టణ వాగులలో ఈ మరణాలు నూటికి నలభై నుండి తొంభై దాకా ఉండేవి. టకోమాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు టైరు రబ్బరు నానిన నీటిలో ఈ విషం ఉన్నదని పసిగట్టారు. ఆ నీటిలో రెండు వేలకు పైగా రసాయనాలు! ఒక్కొక్క ధర్మం ఆధారంగా వాటిని భాగాలుగా విడదీయడం, ఏ భాగంలో చేప మరణిస్తుందో చూడడం, ఆ భాగాన్ని మళ్ళీ విడదీయడం, ఈ విధంగా వడపోయగా చివరకు ఒకే పదార్థం మిగిలింది. దాని సంకేతం సి18హెచ్22ఎన్2ఓ2. ఏ జాబితాలోనూ ఆ పదార్థం లేదు. అప్పుడు వారిలో ఒకరికి టైర్లలో కలిపే 6పి.పి.డి. జ్ఞప్తికి వచ్చింది. దాని సంకేతం సి18హెచ్24ఎన్2. రెండు హైడ్రోజన్లు పోయి రెండు ఆక్సిజన్లు చేరితే తాము వెదికే పదార్థమే!

గాలిలోని ఓజోన్ రబ్బరు అణువులోని ద్విబంధాలను తెంచి టైరును బీటలు వారుస్తుంది. దానికి అడ్డుపడి ఓజోన్‌తో తానే చర్య జరపడం 6పి.పి.డి. విధి. కాని ఆ చర్యలో పుట్టేది 6పి.పి.డి.–క్వినోన్, కోహోకు కాలకూటం. 2020 డిసెంబరులో ఈ ఫలితం ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. లీటరు నీటిలో 95 నానోగ్రాములు, అనగా గ్రాములో కోటి భాగాలలో ఒక భాగం కంటె తక్కువ, సగం కోహోలను చంపగలదని తరువాతి కొలతలు తేల్చాయి. చినూక్ చేపలు దీనిని కోహో కంటె మెరుగుగా తట్టుకోగలవు, చమ్ సాల్మన్‌కు దాదాపు హాని లేదు. అయినా చినూక్ కరువైన ఓర్కాలకు కోహో కూడా ఒక ఆసరా కనుక ఈ నష్టం చిన్నది కాదు.

రెడ్‌మండ్ నగరం మధ్యగా పారే బేర్ క్రీక్ ఈ కథలో మన వంతు. బ్యాలర్డ్ లాక్స్ వద్ద చేపల మెట్లెక్కి, లేక్ వాషింగ్టన్ దాటి, సమామిష్ నది వెంట పైకి వచ్చిన చినూక్, కోహో, సాకై చేపలు ఈ వాగులో గుడ్లు పెడతాయి. ఇక్కడ పొదిగిన పిల్లలే సముద్రానికి తరలి ఓర్కాలకు ఆహారమవుతాయి. మన వాకిలి ముందు కారు దిగవిడిచిన నూనె, టైరు అరిగిన ధూళి, పచ్చికపై చల్లిన పురుగుమందు వాననీటితో వీధి మోరీలో పడి, చాలా చోట్ల ఏ శుద్ధీ లేకుండానే ఇటువంటి వాగులకు చేరుతాయి.

ఉపాయం లేకపోలేదు. రహదారి నీటిని ఇసుక, కంపోస్టు కలిపిన మట్టి గుండా వడగడితే, అదే నీటిలో కోహోలు బతికాయని 2015 నాటి ప్రయోగాలు చూపాయి. ‘రెయిన్ గార్డెన్’ అనబడే వాన తోటల అంతరార్థం ఇదే. టైర్లలో 6పి.పి.డి.కి బదులు మరొకటి వెదకవలసిందిగా 2023లో కాలిఫోర్నియా రాష్ట్రం తయారీదారులను ఆదేశించింది. కారును వాకిట్లో గాక, మురుగును శుద్ధికి పంపే కార్ వాష్‌లో కడిగించడం, నూనె కారుడును వెంటనే సరిచేయించడం, తోటకు మందులు తగ్గించడం ప్రతి కుటుంబమూ చేయగలిగిన పనులు.

ఓర్కాలను చూడగోరేవారికి ఒక మాట. వాషింగ్టన్ చట్టం ప్రకారం 2025 జనవరి నుండి సదరన్ రెసిడెంట్ ఓర్కాలకు వెయ్యి గజాల దూరంలో పడవలు నిలవాలి. అందువలన ఒడ్డు నుండి చూడడమే ఉత్తమం. శాన్ వాన్ ద్వీపంలోని లైమ్ కిల్న్ పాయింట్ ఉద్యానం ఇందుకు ప్రసిద్ధం. అక్టోబరు నుండి డిసెంబరు వరకు చమ్ చేపల వెంట ఇవి సియాటిల్ ముంగిటికే వస్తాయి. ఆల్కై తీరం నుండి చూడవచ్చు. మార్చి నుండి మే వరకు విడ్బీ ద్వీపం వద్ద బూడిద తిమింగిలాలు బురదలోని రొయ్యల కోసం ఆగుతాయి. ఒక దుర్భిణి, వెచ్చని దుస్తులు, కొంత ఓపిక ఉంటే చాలు.

సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పిల్లలను మొదట బేర్ క్రీక్ ఒడ్డుకు తీసికొని వెళ్ళండి. ఎర్రబారిన చేప ఎదురీదడం చూచిన తరువాత, అదే చేప కోసం సముద్రంలో ఒక అమ్మమ్మ తన మందను నడిపిస్తున్నదని చెప్పండి. వీధి మోరీలో ఏమి పోయవచ్చునో, ఏమి పోయరాదో ఆపైన ఆ పిల్లలే మనకు చెప్పగలరు.